అరవైలో మళ్లీ కుంచె పట్టాలంటే

చందమామ ముఖచిత్రం ముందు పెట్టుకుని వడ్డాది పాపయ్య బొమ్మను నోటుపుస్తకంలోకి దింపినవాళ్లు, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఆ సర్టిఫికెట్లను బీరువా అడుగున దాచినవాళ్లు, అత్తవారింటికి వస్తూ రంగుల డబ్బాను పుట్టింటి అటక మీద వదిలేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. తర్వాత ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి వాయిదాలు, పెద్దవాళ్ల ఆస్పత్రులు. అన్నీ ఒక కొలిక్కి వచ్చాక, యాభై ఎనిమిదికో అరవై రెండుకో, బొమ్మలు వేయాలన్న కోరిక మళ్లీ తలెత్తుతుంది. ఈ వ్యాసం వాళ్ల కోసం. పెన్సిలు ఎప్పుడూ పట్టనివాళ్లకు కూడా పనికిరావచ్చు గానీ, నేను మనసులో పెట్టుకున్నది ఒకప్పుడు వేసి మానేసినవాళ్లను.

వాళ్ల ఇబ్బంది వేరు. కొత్తగా నేర్చుకునేవారికి వంకరగా వచ్చిన కుండ కూడా సంబరమే. మీరు ఈ నలభై ఏళ్లూ బొమ్మలు వేయకపోయినా చూస్తూనే ఉన్నారు: బాపు గీత, గుడి గోడల మీది శిల్పం, వారపత్రికల బొమ్మలు, ప్రయాణాల్లో తిరిగిన మ్యూజియంలు. మీ కన్ను ఎదిగింది. చెయ్యి మాత్రం ఇరవై ఏళ్ల వయసులో ఆగిన చోటే ఉంది, ఇంకాస్త వెనక్కి కూడా జరిగింది. మొదటి రోజు వేసిన బొమ్మను చూసి ఆ ఎదిగిన కన్ను పెదవి విరుస్తుంది. చాలామంది డబ్బా మళ్లీ మూసేసేది సరిగ్గా ఆ రోజే. ‘నా చెయ్యి పోయింది’ అంటారు. ఎక్కడికీ పోలేదు, వెనకబడింది. కింద చెప్పే పనులన్నీ ఆ చెయ్యి కన్నును అందుకునేదాకా మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టడానికే.

1. ముందు దుకాణానికి వెళ్లకండి

పదవీ విరమణ డబ్బు చేతిలో పడగానే నలభై ఎనిమిది ట్యూబుల పెట్టె, చెక్క ఈజిల్, దిగుమతి కాగితం కొనేవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత ఆ కాగితం ముందు కూర్చుంటే భయం వేస్తుంది. ఇంత ఖరీదైనది పాడుచేస్తానేమోనని చెయ్యి బిగుసుకుపోతుంది.

మొదటి నెలకు కావలసింది ఒక హెచ్‌బీ, ఒక 4బీ పెన్సిలు, గీతలు లేని చవక నోటుపుస్తకం. ఒకవైపు అచ్చయిన ఏ4 కాగితాల వెనక వైపు ఇంకా మంచిది, దాన్ని పాడుచేస్తే పోయేదేమీ లేదు. రబ్బరును సొరుగులో పెట్టి మరిచిపోండి. తప్పు గీత పడితే దాన్ని అలాగే ఉంచి, పక్కనే ఒప్పు గీత గీయండి. తప్పు గీత కంటి ముందు ఉంటేనే రెండో గీత ఎటు జరగాలో తెలుస్తుంది.

ప్రతి కాగితం మూలన తేదీ వేసి ఒక ఫైలులో పెట్టండి. ఎంత ఘోరంగా వచ్చినా చింపకండి. దాని ఉపయోగం మూడు నెలల తర్వాత.

2. చోటు, వెలుతురు, కళ్లజోడు

సామాను ఎప్పుడూ తెరిచి ఉండే చోటు ఒకటి కావాలి. గదే అక్కర్లేదు, మూలన చిన్న బల్ల చాలు. భోజనాల బల్ల మీద వేస్తాను, తినే వేళకు తీసేస్తాను అనే ఏర్పాటు వారం దాటదు. తీసి సర్దడం, మళ్లీ పరచడం బొమ్మ వేయడం కంటే పెద్ద పని అయిపోతుంది.

ఉత్తరపు కిటికీ ఉంటే దాని పక్కనే కూర్చోండి. మన దేశంలో ఉత్తరం నుంచి సంవత్సరంలో ఎక్కువ కాలం నేరుగా ఎండ పడదు కాబట్టి వెలుతురు పొద్దంతా పెద్దగా మారదు, నీడలు పరుగెత్తవు. వాస్తు కోసం ఉత్తరానికి కిటికీలు పెట్టించుకున్నవాళ్లకు మిగతా లాభాలు వచ్చాయో లేదో గానీ, బొమ్మకు మాత్రం అది మేలే. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమ నుంచి రావాలి, లేకపోతే సొంత చేతి నీడ కాగితం మీద పడుతుంది. రాత్రిపూట వేయాలంటే తెల్లని ఎల్‌ఈడీ దీపం తీసుకోండి. డబ్బా మీద 5000 నుంచి 6500 కెల్విన్ అని, సీఆర్‌ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకంటే ఎక్కువ అని ఉండాలి. పసుపు బల్బు కింద వేసిన బొమ్మను పగలు చూస్తే వేరే ఎవరో వేసినట్టు ఉంటుంది.

ఇక కళ్లు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. అందుకే ఇరవై ఏళ్లప్పుడు సరిపోయిన వెలుతురు ఇప్పుడు సరిపోదు, చాలా ఎక్కువ కావాలి. చత్వారం కళ్లజోడు పుస్తకం చదివే దూరానికి చేసింది. బొమ్మ వేసే కాగితం అంతకంటే దూరంగా ఉంటుంది. బైఫోకల్ పెట్టుకుని కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి గంట కూర్చుంటే మెడ పట్టేస్తుంది. మీరు కూర్చునే తీరులో కంటికీ కాగితానికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిపించి, ఆ సంఖ్య చెప్పి, ఆ దూరానికే ఒక విడి జోడు చేయించుకోండి. కుంచెలకు పెట్టే డబ్బు కంటే ముందు దీనికి పెట్టాలి.

శుక్లాలు ముదిరితే తెలుపు పసుపుగా, నీలం మసకగా కనిపిస్తాయి. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే చివరి దశాబ్దంలో వేసిన కొన్ని చిత్రాలు ఎరుపు, గోధుమ రంగుల్లో మునిగి ఉండటానికి కారణం అదేనంటారు. 82 ఏళ్ల వయసులో, 1923లో, ఆయన శస్త్రచికిత్స చేయించుకున్నారు. మీకూ ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి ఉంటే, రంగుల సంగతి అది అయ్యేదాకా వాయిదా వేసి పెన్సిలుతో సాగండి. మధుమేహం ఉన్నవాళ్లకు ఇంకో మాట: రక్తంలో చక్కెర ఎక్కువ తక్కువలైనప్పుడు చూపు కూడా అటూ ఇటూ అవుతుంది. ఒక రోజు గీత సరిగా కుదరకపోతే ముందు చేతిని తిట్టుకోకండి.

3. మొదటి నెల: చెయ్యి సడలించడం

రోజుకు ఇరవై నిమిషాలు. ఆదివారం కూర్చుని మూడు గంటలు వేస్తానంటే కుదరదు. చేతికి కావలసింది రోజూ తగలడం.

మొదటి అయిదు నిమిషాలు పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీతలు గీయండి. మణికట్టు కదలకూడదు, భుజం నుంచి కదలాలి. తర్వాత వృత్తాలు, ఒకదాని మీద ఒకటి, ఆపకుండా. సంతకాలు చేసి చేసి, ఫైళ్లలో నోట్స్ రాసి రాసి మన కదలిక వేళ్ల చివరకు కుంచించుకుపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ భుజం దాకా తీసుకువెళ్లాలి.

ముగ్గులు వేసే చేతులకు ఈ భాగం దాదాపు అవసరం లేదు. నలభై ఏళ్లుగా వాకిట్లో మెలికల ముగ్గు ఎత్తని గీతతో తిప్పి, మొదలుపెట్టిన చుక్క దగ్గరికే తెచ్చి కలిపే మనిషి ‘నాకు బొమ్మలు రావండీ’ అంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ గీత మీద ఉన్న అదుపు ఆర్ట్ కాలేజీ మొదటి ఏడాది విద్యార్థికి ఉండదు. మీరు చేయవలసింది అదే ముగ్గును కాగితం మీద పెన్సిలుతో, తర్వాత నీళ్లలో ముంచిన కుంచెతో వేయడం. పిండి వేళ్ల మధ్య నుంచి జారే వేగానికి అలవాటుపడ్డ చెయ్యి కుంచె బరువును త్వరగానే పట్టుకుంటుంది.

మిగతా పదిహేను నిమిషాలకు ఒకే అభ్యాసం: కాగితం చూడకుండా గీయడం. మీ ఎడమ చేతిని బల్ల మీద పెట్టండి, లేదా తాళపుచెవుల గుత్తి పెట్టండి. కంటి చూపును దాని అంచు మీద ఒక చోట నిలిపి, పెన్సిలును కాగితం మీద ఆనించండి. చూపు అంచు వెంట ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిలు అంత నెమ్మదిగా కదలాలి. కాగితం వైపు తొంగిచూడకూడదు. ఫలితం నవ్వొచ్చేలా ఉంటుంది, ఉండాలి కూడా. బాగుందా లేదా అని తీర్పు చెప్పే కన్ను ఇక్కడ చూసే పనిలో మునిగిపోయి, తీర్పు చెప్పడానికి ఖాళీ దొరకక నోరు మూసుకుంటుంది. తిరిగి వచ్చేవారికి ఇంతకు మించిన అభ్యాసం నాకు తెలియదు.

4. చెంబు ముందు కూర్చోండి

రెండో నెలలో ఒక వస్తువును కుదురుగా గీయడం మొదలుపెట్టండి. దేవుడి బొమ్మలు, మనవరాలి ముఖం ఇప్పుడే వద్దు. వాటి మీద ప్రేమ ఎక్కువ, కాస్త తేడా వచ్చినా మనసు ఒప్పదు. ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు, మడత కుర్చీ, చెప్పుల జత ఏమీ అనుకోవు.

గ్లాసుతో మొదలుపెడదాం. బల్ల మీద, కంటి కంటే కిందికి పెట్టండి. దాని మూతి గుండ్రమని మీకు తెలుసు, కానీ కనిపించేది కోలగా. దాదాపు అందరూ మూతిని కోలగా గీసి, అడుగును తిన్నని గీతతో ముగిస్తారు, గ్లాసు బల్ల మీద నిలబడింది కదా అని. కంటి ఎత్తు నుంచి కిందికి పోయేకొద్దీ ఆ కోల ఆకారం ఇంకా ఇంకా గుండ్రమవుతుంది. అంటే అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువగా ఉండాలి. నమ్మకం కుదరకపోతే గ్లాసును మెల్లగా కంటి ఎత్తుకు ఎత్తి చూడండి: మూతి ఒక గీతగా మారిపోతుంది, అడుగు ఇంకా వంపుగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే చెంబు, బిందె, రోలు, బావి గట్టు, బండి చక్రం అన్నీ లొంగుతాయి.

కొలవడం ఇలా. చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా పెన్సిలును నిలువుగా పట్టుకుని ఒక కన్ను మూయండి. పెన్సిలు కొసను చెంబు మూతి అంచుకు ఆనించినట్టు చూసి, అడుగు ఎక్కడికి వస్తుందో బొటనవేలితో గుర్తుపెట్టుకోండి. అదే కొలతను అడ్డంగా తిప్పి వెడల్పుతో పోల్చండి. పొడవులో వెడల్పు ఎన్నో వంతో తెలుస్తుంది. మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది, అందుకే ప్రతిసారీ చెయ్యి చాచాలి.

మడత కుర్చీని గీసేటప్పుడు కుర్చీని వదిలేసి దాని కాళ్ల మధ్య ఉన్న ఖాళీలను గీయండి. ఒక ఖాళీ త్రికోణంలా, మరొకటి వంగిన పలకలా ఉంటుంది. కుర్చీ ఎలా ఉండాలో బుర్రకు ముందే తెలుసు, అందుకే అది అబద్ధం చెబుతుంది. ఖాళీ ఎలా ఉండాలో దానికి తెలియదు కాబట్టి కన్ను చూసిందే చేతికి చేరుతుంది.

నీడలకు కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి వెలుగు, నడిమి మసక, చీకటి మిగులుతాయి. ఆ మూడింటినే 4బీ పెన్సిలుతో నింపండి. నాలుగో మెట్టు కావాలనిపించినా ఇప్పుడు వద్దు.

5. ఇప్పుడు దుకాణానికి

రెండు నెలలు నిలబడ్డారు కాబట్టి కొనే అర్హత వచ్చింది. నేను నీటిరంగుల గురించే చెబుతాను. తైలవర్ణాలకు టర్పెంటైన్ వాసన, నెలల తరబడి ఆరడం ఉంటాయి, మూడు గదుల ఫ్లాటులో ఇంట్లోవాళ్లకు అది శిక్ష. నీటిరంగులకు కావలసింది గ్లాసుడు నీళ్లు.

డబ్బులో పెద్ద భాగం కాగితానికి పెట్టండి. రంగులు ఓ మోస్తరువైనా మంచి కాగితం మీద పలుకుతాయి. మంచి రంగులు నాసి కాగితం మీద చచ్చిపోతాయి. బడిలో వాడిన డ్రాయింగ్ షీటు నీళ్లు తగలగానే అప్పడంలా పొంగుతుంది. 300 జీఎస్‌ఎం మందం ఉన్న, కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండేది) అని రాసిన కాగితం అడగండి. నూటికి నూరు శాతం నూలుతో చేసింది దొరికితే మరీ మంచిది. నెమ్మదిగా ఆరుతుంది, తప్పు పడిన రంగును తడి కుంచెతో రుద్దినా తట్టుకుంటుంది. ఖరీదు అనిపిస్తే 22 అంగుళాలకు 30 అంగుళాల పూర్తి షీటు కొని ఎనిమిది ముక్కలు చేయండి. ఒక్కోటి పదకొండుకు ఏడున్నర అంగుళాలు వస్తుంది. పుస్తకం కంటే అలా చవక. రెండు వైపులా వేయవచ్చు.

రంగులు ఆరు చాలు: లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ బ్లూ, ప్రష్యన్ బ్లూ, ఒక గులాబీ ఎరుపు. ఆ ఎరుపు దగ్గర జాగ్రత్త. అలిజరిన్ క్రిమ్సన్ అందంగా ఉంటుంది గానీ వెలుతురుకు వెలిసిపోతుంది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో వర్ణద్రవ్యం సంఖ్య ఉంటుంది, పీవీ 19 అని ఉన్నది నిలుస్తుంది. నలుపు కొనకండి, అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే దానికంటే బతుకున్న చీకటి వస్తుంది. పాళ్లు మారిస్తే వాన మబ్బు నుంచి పాత సున్నపు గోడ దాకా అన్ని బూడిద రంగులూ ఆ రెంటిలోనే ఉన్నాయి. తెలుపూ వద్దు. నీటిరంగుల్లో తెలుపంటే మీరు ముట్టకుండా వదిలిన కాగితమే.

పోస్టర్ కలర్లు వాడిన చెయ్యి అయితే ఇక్కడ కొంత తికమక తప్పదు. అందులో ముదురు రంగు మీద లేత రంగు వేసి కప్పేయవచ్చు, ఇందులో లేత నుంచి ముదురుకే నడక.

కుంచెలు మూడు: గుండ్రటివి 6, 10 నంబర్లు, ఒక అంగుళం పలక కుంచె ఒకటి. సింథటిక్ వెంట్రుకలవి చాలు. తడిపి విదిలిస్తే కొస సూదిగా కలవాలి, దుకాణంలోనే నీళ్లు అడిగి చూడండి. అడగడానికి మొహమాటపడకండి, ఈ వయసుకు ఆ హక్కు ఉంది.

6. మొదటి రంగుల బొమ్మ: వంకాయ

అందరూ ఆపిల్ వేయమంటారు. నేను వంకాయ అంటాను. నున్నగా మెరుస్తుంది, ఆకారం సులువు, రంగు రెండు ట్యూబుల్లో దొరుకుతుంది, అయ్యాక కూర వండుకోవచ్చు.

నల్లగా నిగనిగలాడే పొడుగు వంకాయను కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టండి. హెచ్‌బీతో తేలికగా అంచు గీసి, కిటికీ వెలుతురు మెరిసే చోటును కూడా చిన్న గీతతో గుర్తించండి. ఆ భాగానికి చివరిదాకా నీళ్లు కూడా తగలకూడదు.

అల్ట్రామెరీన్, గులాబీ ఎరుపు కలిపి, చాలా నీళ్లతో పల్చటి ఊదా చేయండి. పళ్లెంలో ఒక చెంచాడు ఉండాలి, మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు కలపలేరు. 10 నంబరు కుంచెతో మెరుపు తప్ప కాయంతా ఒకే ఊపున నింపండి. వెనక్కి వెళ్లి సరిదిద్దకండి. కాగితం మీది నీటి మెరుపు కాస్త తగ్గి, తడి ఇంకా ఉన్నప్పుడు చిక్కటి ఊదాను కింది అంచున తాకించండి. రంగు తానే పాకుతుంది, మీరు చూస్తూ కూర్చోండి. కష్టమంతా ఈ చూస్తూ కూర్చోవడంలోనే ఉంది.

ఇప్పుడు పూర్తిగా ఆరనివ్వండి. చేతి వెనక భాగంతో కాగితాన్ని తాకండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. ఆ తడి మీద రెండో పూత వేస్తే గోబిపువ్వు అంచుల మరకలు లేస్తాయి. వెచ్చబడ్డాక అదే ఊదాలో చిటికెడు బర్న్ట్ సియెన్నా కలిపి, చీకటి వైపు మాత్రమే రెండో పూత వేసి, దాని లోపలి అంచును శుభ్రమైన తడి కుంచెతో కరిగించండి. తొడిమకు లెమన్ ఎల్లోలో కాస్త ప్రష్యన్ బ్లూ, పచ్చదనం మరీ గుచ్చుకుంటే ఆకర్. కింద పడ్డ నీడకు అల్ట్రామెరీన్, సియెన్నా. కాయకు ఆనుకున్న చోట ముదురు, దూరం పోయేకొద్దీ పల్చన.

అదే వంకాయను మర్నాడు ఇంకో వైపు తిప్పి మళ్లీ వేయండి. అది ముడతలు పడేదాకా వేయవచ్చు, ముడతలు పడ్డాక ఇంకా బాగుంటుంది.

7. మన ఎండలు, మన వానలు

నీటిరంగుల పుస్తకాలు చాలావరకు చల్లని దేశాల్లో రాసినవి. వాటిలో చెప్పిన రంగు ఆరే సమయాలు ఏప్రిల్‌లో కరీంనగర్‌లో గానీ కర్నూలులో గానీ పనిచేయవు. ఎండాకాలం తెల్లవారుజామున వేయండి, సీలింగ్ ఫ్యాను ఆపండి, కాగితం వెనక వైపు కూడా తడపండి, నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది. కోస్తాలో వానాకాలం దీనికి తలకిందులు: పూత ఎంతకీ ఆరదు, హెయిర్ డ్రయ్యర్ వాడుకోవచ్చు. ట్యూబులకు బదులు రంగు బిళ్లలు వాడితే, అవి తడిగా ఉండగా డబ్బా మూస్తే బూజు పడుతుంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఉంచండి. గాలి తేమ పీల్చిన కాగితంలో పైపూత దెబ్బతిని, రంగు వేస్తే అద్దుడు కాగితంలా మచ్చలుగా పీల్చుకుంటుంది. అప్పుడు తప్పు మీది కాదు.

8. వేళ్ల నొప్పులు, వణుకు

సన్నటి కుంచె పట్టుకుంటే కీళ్లు నొప్పి పుడుతున్నాయా? పిడికి స్పాంజి గొట్టం తొడగండి, లేదా పాత గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. లావు పిడి పట్టుకోవడానికి వేళ్లు తక్కువ బిగుస్తాయి. అమెరికాలో గ్రాండ్మా మోజెస్ అని ఒక రైతు కుటుంబపు పెద్దావిడ, 1860లో పుట్టారు. చేతుల కీళ్లవాతంతో ఎంబ్రాయిడరీ సూది పట్టలేక, డెబ్బై దాటిన చాలా ఏళ్లకు కుంచె పట్టారు. 101 ఏళ్లు బతికారు, చివరిదాకా వేశారు. సూది కంటే కుంచె సులువని ఆమె తేల్చుకున్నట్టే, కుంచె కంటే కత్తెర సులువని ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మతీస్ తేల్చుకున్నారు. 1941లో పెద్ద ఆపరేషన్ అయి నిలబడి వేయడం కష్టమయ్యాక, రంగు పూసిన కాగితాలను కత్తిరించి అమర్చడం ప్రధాన పనిగా పెట్టుకున్నారు. మీ చేతికి ఏది కుదిరితే అదే మీ పనిముట్టు.

వణుకుకు బోర్డులు రాసే ఆర్టిస్టుల చిట్కా ఉంది: కొసకు గుడ్డ చుట్టిన కర్రను ఎడమ చేత్తో పట్టి బోర్డుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి రాస్తారు. ఒక అడుగు స్కేలు కింద రెండు వైపులా పుస్తకం పెట్టి వంతెనలా వాడినా సరే. అయితే వణుకు కొత్తగా మొదలైతే, ఒక చేతిలోనే ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

అరగంటకు ఒకసారి లేవండి. అలారం పెట్టుకుంటే తప్ప ఎవరూ లేవరు.

9. ఫోను ఫొటో, గళ్ల పద్ధతి

కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ ఫొటో మీద గళ్లు గీసి, అంతే గళ్లతో పెద్ద కాగితం మీదికి దింపడం మన తరం చాలామందికి తొలి విద్య. సినిమా బ్యానర్లు వేసినవాళ్ల పద్ధతి అది, చిన్నచూపు అక్కర్లేదు. కానీ దాంతోనే మళ్లీ మొదలుపెడితే మూడు నెలల్లో విసుగు పుడుతుంది. గళ్లు నింపడంలో చెయ్యి పనిచేస్తుంది, కన్ను నిద్రపోతుంది. ఫొటో నీడలను నల్లగా ముద్ద చేస్తుంది, వెలుగును పూర్తిగా తెల్లగా ఎగరగొడుతుంది. కనీసం మొదటి ఆరు నెలలు ఎదురుగా ఉన్న వస్తువునే వేయండి.

ఇష్టమైన చిత్రకారుడి బొమ్మను నకలు చేయడం వేరే సంగతి. అది చదువు. మొత్తం దింపకుండా ఒక భాగం తీసుకోండి: బాపు బొమ్మలో ఒక చీర కుచ్చిళ్లు, వడ్డాది పాపయ్య బొమ్మలో ఒక చేతి వేళ్లు. ఎక్కడ గీత లావైంది, ఎక్కడ తేలిపోయింది, ఎక్కడ అసలు గీయకుండా వదిలేశారు అన్నది పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఏమి వేయాలో తోచని రోజులకు రవీంద్రనాథ్ ఠాగూర్ దారి ఉంది. ఆయన రాతప్రతుల్లో కొట్టివేతలను ఒకదానికొకటి కలుపుతూ, వాటిలోంచి పక్షులను, ముఖాలను పైకి లాగేవారు. ఆ అలవాటే ముదిరి అరవై దాటాక చిత్రకళ అయింది. 1930లో, 69 ఏళ్లు నిండే వేళకు, పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. పాత కరెంటు బిల్లు వెనక పిచ్చిగీతలు గీసి, అందులో ఏమి కనిపిస్తే దాన్ని తేల్చండి.

10. ఇంట్లోవాళ్లు, వాట్సాప్

ఇంట్లో ప్రకటన చేయకండి. ‘నేను మళ్లీ ఆర్ట్ మొదలుపెట్టాను’ అని చెప్పిన రోజు నుంచి వచ్చేవాళ్లందరూ చూపించమంటారు. ‘ఈ వయసులో ఇప్పుడెందుకు’ అనే ఆడపడుచు ఒకరు, ‘అమ్ముకోవచ్చు కదా’ అనే అల్లుడు ఒకరు ఎలాగూ ఉంటారు. రెండో మాట మొదటి దానికంటే ఎక్కువ చేటు.

ఆడవాళ్లకు ఇక్కడ అసలు చిక్కు సమయం. ఖాళీ దొరికినప్పుడు వేసుకుంటాను అంటే ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే మీ ఖాళీని ఇంట్లో అందరూ తమదిగానే లెక్కవేస్తారు. ఒక గంట నిర్ణయించుకుని, మందులు వేసుకునే వేళ ఎలా ఖాయమో అలా ఖాయం చేయండి. ఆ గంటలో కాఫీ అడిగినవారికి వంటింటి దారి తెలుసు.

బొమ్మలను కుటుంబ గ్రూపులో పెట్టడం మూడు నెలలు ఆపండి. అక్కడ వచ్చే ‘సూపర్’ల వల్ల మీ గీత ఒక వెంట్రుకవాసి కూడా మారదు, ఎవరో ఒకరు ఏమీ అనకపోతే మాత్రం మనసు చివుక్కుమంటుంది. బొమ్మలు వేసే మనిషి ఒక్కరు దొరికితే చాలు. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఆదివారాలు కలిసి బయట గీసే బృందాలు ఉన్నాయి, వయసు పట్టింపు ఉండదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండేవాళ్లు అక్కడి లైబ్రరీలో, సీనియర్ సెంటర్‌లో అడిగి చూడండి. తక్కువ ఖర్చుతో, చాలాచోట్ల ఉచితంగానే క్లాసులు ఉంటాయి. విమానంలో బిళ్లల రంగుల డబ్బా చేతిసంచిలో పెట్టుకోవచ్చు, టర్పెంటైన్ మాత్రం ఎందులోనూ తీసుకువెళ్లనివ్వరు.

11. అసలు చిత్రాలు చూడండి, తర్వాత ఫైలు తెరవండి

ఫోనులో చూసే చిత్రానికి పరిమాణం ఉండదు, కుంచె జాడ ఉండదు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లండి. 1897లో పుట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి అంత చేశారు. చిత్రం ముందు కొంత దూరంలో నిలబడి, తర్వాత దగ్గరికి జరిగి, ఏ రంగు ముందు పడింది, ఏది తర్వాత పడింది అని వెతకండి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలోనైతే ఒక గది చాలు, అన్నీ చూడాలనుకుంటే కాళ్లు నొప్పులే మిగులుతాయి.

మూడు నెలలయ్యాక తేదీల ఫైలు తీసి, మొదటి వారం కాగితాలను, చివరి వారం కాగితాలను నేల మీద పక్కపక్కన పరవండి. చెయ్యి ఎక్కడ కదిలిందో మీకే కనిపిస్తుంది. ఎక్కడ కదలలేదో కూడా కనిపిస్తుంది, అదే వచ్చే నెల అభ్యాసం. పుట్టింటి అటక మీది పాత బొమ్మలు దొరికితే వాటిని ఈ పరిచిన కాగితాలతో కలపకండి. ఇరవై ఏళ్ల చేతితో పోటీ ఇప్పుడు అనవసరం.

నచ్చిన బొమ్మ ఒకటి వస్తే ఫ్రేము కట్టించండి. అద్దానికి బొమ్మ ఆనకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టమని చెప్పండి, లేకపోతే వానాకాలం తేమకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది. ఆ బోర్డు ఆమ్లం లేనిది కావాలని అడగండి, మామూలు అట్ట కొన్నేళ్లకు కాగితానికి పసుపు అంటిస్తుంది. వెనక గమ్ పూయనివ్వకండి, పై అంచున రెండు చోట్ల కాగితపు అతుకులు చాలు. పడమటి ఎండ పడే గోడకు, వంటగదికి ఆనుకున్న గోడకు తగిలించకండి.